రొట్టెలమ్మ ఇంటికొచ్చిన బోర్డులు

తెల్లారకముందే వ్యాను బేకరీ వెనక గుమ్మం దగ్గర ఆగేది. వేడి తగ్గని రొట్టెల ట్రేలు లోపల పేర్చేది ఆమె, నడిపేది అతను. దుకాణాల షట్టర్లు లేచే వేళకి రొట్టె గుమ్మంలో ఉండాలి. లేకపోతే దుకాణదారు చూపు పక్క బేకరీ మీదకి పోతుంది. అందుకని ఆ వ్యానుకి వేరే రూల్సు ఉండేవి. వన్‌వే సందులోకి అది వెనక్కి నడుచుకుంటూ వెళ్ళేది. ముఖం ఎటుందన్నదే కదా లెక్క అనేవాడు అతను. ఎర్ర లైటు పడితే అటూ ఇటూ చూసి, నరమానవుడు లేకపోతే పోనిచ్చేవాడు. పక్క సీట్లో కూర్చుని ఇన్నేళ్ళుగా ఆమె నేర్చుకున్న రోడ్డు అదే. బేకరీ ఆవరణలో వ్యాను తిప్పి, గోడకి వేలెడు దూరంలో ఆపడం ఆమెకి మంచినీళ్ళ ప్రాయం. దుకాణాల వాళ్ళు ఆమెని రొట్టెలమ్మ అనేవాళ్ళు, అతన్ని డ్రైవరూ అని పిలిచేవాళ్ళు.

ఆ ఏడు చలికాలంలో ఒక పొద్దున డ్రైవరు మంచం మీంచి లేవబోయి పక్కకి ఒరిగిపోయాడు. పక్షవాతం. ప్రాణం దక్కింది. మాట కొన్నాళ్ళు ముద్దముద్దగా వచ్చి తర్వాత తేటపడింది. కుడి కాలూ కుడి చెయ్యీ మాత్రం చెప్పిన మాట వినడం మానేశాయి. కాళ్ళకి కసరత్తు చేయించడానికి వచ్చే ఆసుపత్రి ఆవిడ వెళ్ళేటప్పుడు రొట్టెలమ్మని గుమ్మం బయటికి పిలిచి మెల్లగా చెప్పింది, ఇంకొక్కసారి గట్టిగా పడితే ఇక జన్మంతా మంచమేనని.

బేకరీ యజమాని చెడ్డవాడు కాదు. వచ్చి మంచం పక్కన కూర్చుని, రొట్టెలమ్మకి వ్యాను నడపడం వచ్చని తనకి తెలుసన్నాడు. లైసెన్సు తెచ్చుకుంటే ఆ పని ఆమెకే ఇస్తానన్నాడు. అప్పటిదాకా తన బావమరిది నడుపుతాడు. అయితే బావమరిదికి ఇంకెక్కడో ఉద్యోగం పిలుస్తోంది, ఎండలు ముదిరేలోగా వాడికి అవునో కాదో చెప్పాలి. అంతకు మించి ఆగడం తన చేతుల్లో లేదన్నాడు. ఆ ఇంట్లో ముగ్గురు, భార్యాభర్తలూ కాలేజీకి వెళ్ళే కూతురూ. ముగ్గురికీ ఆ వ్యాను తప్ప వేరే ఆధారం లేదు.

లైసెన్సుకి ముందు కంప్యూటరు ముందు కూర్చుని రాసే పరీక్ష ఒకటుంది. అదెంత, రోజూ చూసే రోడ్డేగా అనుకుంది రొట్టెలమ్మ. అందరూ అలాగే అనుకుంటారు. దిగితే గానీ లోతు తెలియదు.

తెర మీద ఒక ప్రశ్న వస్తుంది, కింద మూడు జవాబులు, మూలన ఒక చిన్న గడియారం. చదివేలోగా గడియారం సగం కరిగిపోతుంది. మూడు జవాబులూ ఒప్పే అనిపిస్తాయి, మళ్ళీ చూస్తే మూడూ తప్పే అనిపిస్తాయి. 'కింది వాటిలో ఏది చేయకూడనిది కాదు' అని అడిగాడు ఒకచోట. అలా మాట్లాడేవాడు ఇంట్లో ఉంటే వాడికి అన్నం పెట్టేవాళ్ళెవరు? ఎర్ర లైటు దగ్గర ఏం చేస్తావంటే అటూ ఇటూ చూసి వెళ్తానని నొక్కింది. వన్‌వే సందులోకి వెనక్కి వెళ్ళచ్చా అంటే వెళ్ళచ్చని నొక్కింది. ఎదురు రోడ్డు మీద బండి వస్తుంటే ఎవరు ఆగాలంటే వాళ్ళే ఆగాలని నొక్కింది. రొట్టెల వ్యాను ఆగడమేమిటి? తెర ఎర్రబడి, మళ్ళీ రమ్మంది.

ఆమె ఇంటికి వచ్చేసరికి తప్పు రాసిన బోర్డులన్నీ ఆమె వెనకే వచ్చేశాయి.

బీరువా ముందు ప్రవేశం లేదనే ఎర్రటి గుండ్రం బోర్డు నిలబడింది. ఆ రోజు నుంచి ఆ బీరువా ఎవరూ తెరవలేదు, బట్టలు బయట తాడు మీదే ఉండేవి. ముందు గది నేల మీద తెల్ల చారలు పరుచుకున్నాయి. ఒకరు దాటుతుంటే మిగతావాళ్ళు ఆగేవారు. ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఎదురింటి ముసలాయన తొంగిచూసి, పోయినేడు తన మేనల్లుడికి వంతెన బోర్డు వచ్చిందనీ, దాని కింద ఇంట్లో ఇప్పటికీ నీళ్ళు ఊరుతున్నాయనీ చెప్పి, ఈసారి బాగా చదవమ్మా అని వెళ్ళిపోయాడు.

కూతురు రాత్రిళ్ళు ప్రశ్నలు చదివి వినిపించేది. డ్రైవరు మంచం మీంచి జవాబులు చెప్పేవాడు, అన్నీ తప్పే. పుస్తకం చూపించి కూతురు వాదిస్తే, ఇది రాసినవాడు ఏ రోజైనా పొద్దున్నే రొట్టెలు వేశాడా అని అడిగేవాడు. రొట్టెలమ్మకి నవ్వూ వచ్చేది, ఏడుపూ వచ్చేది. అతను నేర్పిన రోడ్డునంతా బుర్రలోంచి తీసి పారెయ్యాలి. అది పరీక్ష కంటే కష్టమైన పని. అతను మంచం మీద ఉండగా అతని రోడ్డు కూడా తప్పని ఒప్పుకోవడం ఆమెకి చేతకాలేదు.

రెండోసారి పరీక్షకు వెళ్ళి వస్తే రైలు గేటు వచ్చి వంటగది గుమ్మానికి అడ్డంగా పడింది. హారన్ కొట్టరాదనే బోర్డు పొయ్యి మీద వెలిసింది. అప్పట్నుంచీ కుక్కరు కూత వెయ్యడం మానేసి, అన్నం వారానికి నాలుగు రోజులు అడుగంటేది. రైలు గేటు కింద నుంచి వంగి వెళ్ళడం ముగ్గురిలో నడవగలిగిన ఇద్దరికీ అలవాటైపోయింది. కూతురు దాని మీద తడి తువ్వాళ్ళు ఆరేసేది.

మూడోసారి పరీక్షలో ఆ రైలు గేటు ప్రశ్నే మళ్ళీ వచ్చింది. ఈసారి రొట్టెలమ్మ సరిగ్గా నొక్కింది. సరిగ్గా అదే నిమిషానికి ఇంట్లో గేటు మాయమై, తువ్వాళ్ళన్నీ నేల మీద పడ్డాయి. ఉతికిన బట్టలు మళ్ళీ ఉతకాల్సి వచ్చిందని కూతురు విసుక్కుంది. అప్పుడే తెలిసింది వాళ్ళకి, ఒప్పు రాస్తే బోర్డు ఆ క్షణమే పోతుందని. కానీ ఆ పూటా రొట్టెలమ్మ గట్టెక్కలేదు. ఒకటి పోతే రెండు వచ్చాయి.

వచ్చిన వాటిల్లో దారి ఇమ్మని చెప్పే తలకిందుల త్రికోణం ఒకటి ఉంది. అది డ్రైవరు మంచానికి రెండడుగుల దూరంలో, పొడవాటి ఇనప గొట్టం మీద, నేలలో పాతినట్టు నిలబడింది. ఎంత ఊపినా కదలదు. ఒక ఉదయం డ్రైవరు ఎడం చెయ్యి చాపి దాన్ని పట్టుకున్నాడు. మర్నాడు కూతురు సాయంతో దాన్ని పట్టుకుని లేచి నిలబడ్డాడు. గోడ పట్టుకుంటే జారిన మనిషి, కర్ర ఇస్తే విసిరికొట్టిన మనిషి, ఆ గొట్టాన్ని మాత్రం స్నేహితుడి భుజంలా పట్టుకున్నాడు. కొన్నాళ్ళకి దాని చుట్టూ చిన్న చిన్న అడుగులు వెయ్యసాగాడు. కసరత్తు ఆవిడ చూసి, ఇది మాత్రం కదిలించకండి, ఇలాంటి ఆధారం నేనెక్కడా చూడలేదంది.

ఎండలు ముదిరాయి. పరీక్షకి పరీక్షకి మధ్య వారాలు ఆగాలి. యజమాని అడిగిన గడువులోపల మిగిలింది ఒక్కటే. అది మధ్యాహ్నం పెట్టారు.

రొట్టెలమ్మ భయం కొద్దీ పొద్దున్నే వెళ్ళి కూర్చుంది. పొద్దుటి వాళ్ళలో ఎవరో రాలేదు. పరీక్ష గది గుమాస్తా ఆమె ముఖం ఇన్నిసార్లు చూసి ఉన్నవాడు, జాలిపడి, ఎండలో ఎందుకమ్మా ఎదురుచూడటం, ఇప్పుడే రాసెయ్యమన్నాడు. ఆమె అతనికి దణ్ణం పెట్టి, ఫోను బయట డబ్బాలో వేసి, లోపలికి వెళ్ళింది.

ఆ రోజు ఆమె అదృష్టం. బోర్డుల్లో అన్నీ ఇంట్లోవాళ్ళే వచ్చారు. తెల్ల చారలు వచ్చాయి. రోజూ ఆగి దాటుతున్న చారలే, ఎవరు ముందు వెళ్ళాలో ఆమెకి పుస్తకం చెప్పక్కర్లేదు. ప్రవేశం లేదనే బోర్డు వచ్చింది, బీరువా గుర్తుకొచ్చి నొక్కింది. హారన్ వచ్చింది, మాడిన అన్నం వాసన వచ్చింది, నొక్కింది. ఒక్కటి కూడా తప్పలేదంటే అబద్ధం. కొన్ని పోయాయి, కానీ అవి బోర్డు లేని జరిమానాల ప్రశ్నలు. చివరి ప్రశ్న వచ్చేసరికి తెర పైన ఉన్న అంకె గట్టెక్కడానికి ఒక్కటే తక్కువ చూపిస్తోంది.

చివరి ప్రశ్న తలకిందుల త్రికోణం.

జవాబు ఆమెకి తెలుసు. నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. వేలు దాని మీదకి వెళ్ళింది కూడా. అప్పుడు కిటికీలోంచి ఎండ ఎక్కడ పడుతోందో చూసింది. ఇంట్లో అతను గొట్టం పట్టుకుని నడిచే వేళ. పరీక్ష మధ్యాహ్నమని కదా చెప్పి వచ్చింది. కూతురు అతన్ని లేపి నిలబెట్టి, మేడ మీదకి బట్టలు ఆరెయ్యడానికి వెళ్ళి ఉంటుంది. బరువంతా ఆ గొట్టం మీదే వేసి నిలబడి ఉంటాడు. ఆమె కళ్ళకి నేల మీద పడ్డ తడి తువ్వాళ్ళు కనిపించాయి.

చెయ్యెత్తి గుమాస్తాని పిలిచింది.

"సార్, ఒక్కసారి ఇంటికి ఫోను చేసుకోనివ్వండి. కూర్చోమని చెప్పాలి, అంతే."

"పరీక్ష మధ్యలో మాట్లాడకూడదమ్మా," అన్నాడతను. పాపం, అతనికీ బాధగానే ఉంది. "ముందు అది నొక్కెయ్యి, టైమైపోతోంది."

గడియారం కరిగిపోతోంది. వ్యాను, కూతురి చదువు, రేపటి అన్నం, అన్నీ ఆ వేలి కొసన ఉన్నాయి. అటు అతను ఉన్నాడు. ఎవరినైనా అడుగుదామంటే ఎవరూ లేరు. దేవుణ్ణి అడిగినా అంతలో చెప్పలేడు. ఆమె వేలు వెనక్కి తీసి ఒళ్ళో పెట్టుకుంది. గడియారం ఖాళీ అయ్యేదాకా కళ్ళు మూసుకుని కూర్చుంది. తెర ఎర్రబడ్డట్టు కళ్ళు మూసుకున్నా తెలిసింది.

ఇంటికి వచ్చేసరికి ముందు గది బోసిగా ఉంది. చారలు లేవు. బీరువా తలుపు దానంతటదే తెరుచుకుని వేలాడుతోంది. వంటగదిలో కుక్కరు ఇన్నాళ్ళదీ కలిపి కూతలు వేస్తోంది. మంచం పక్కన త్రికోణం ఒక్కటే మిగిలింది. డ్రైవరు మంచం మీద కూర్చుని ఉన్నాడు. కూతురు పక్కన నిలబడి అమ్మ ముఖం చూసి, కుక్కరు దింపడానికి వెళ్ళిపోయింది.

"అన్నీ ఒక్కొక్కటే పోయాయే," అన్నాడు డ్రైవరు. "నేను నిలబడి చూస్తూనే ఉన్నా. పరీక్ష ముందే పెట్టారని అర్థమైంది. ఇది కూడా పోతుందనుకున్నా."

"ఇది రాలేదు," అంది రొట్టెలమ్మ.

"వచ్చింది. నీకు అబద్ధం చేతకాదు. జవాబు తెలుసా నీకు?"

"తెలుసు."

"మరి?"

"నువ్వు పట్టుకుని ఉన్నావు కదయ్యా."

 అతను తిట్టాడు. ఆమెని ఎప్పుడూ అంతలా తిట్టి ఎరగడు. నువ్వు నొక్కుతావని నేను చెయ్యి వదిలేశానే, అన్నాడు చివరికి. పడితే పడతానులే, దీన్ని పట్టుకుని వేలాడితే నీకు అడ్డమవుతానేమోనని వదిలేసి నిలబడ్డాడట. అది ఎంతసేపటికీ పోలేదట. కూతురు మేడ దిగి వచ్చి చూసేసరికి గది మధ్యలో ఏ ఆధారం లేకుండా వణుకుతూ నిలబడి ఉన్నాడట. రొట్టెలమ్మ ఆ మాట వింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో ఆమెకి తెలియలేదు.

సాయంత్రం యజమాని వచ్చాడు. పరీక్ష సంగతి అప్పటికే ఎవరో చెప్పినట్టున్నారు. గుమ్మం బయటే నిలబడి, చెప్పులతో నేల రాస్తూ, బావమరిదికి మాటిచ్చేశానన్నాడు. వ్యాను రెండో తాళంచెవి డ్రైవరు దగ్గరే ఉండిపోయిందని, అది ఇస్తే వెళ్తానన్నాడు. రొట్టెలమ్మ దిండు కింద నుంచి తాళంచెవి తీసింది.

"ఇటివ్వు," అన్నాడు డ్రైవరు. "నేనిస్తా."

త్రికోణం పట్టుకుని లేచాడు. తాళంచెవి కుడి చేతిలో పెట్టించుకున్నాడు, వేళ్ళు సరిగ్గా మూసుకోకపోతే రొట్టెలమ్మే మూసింది. తర్వాత గొట్టం వదిలేశాడు. కూతురు ముందుకు రాబోతే కళ్ళతోనే ఆపాడు. మంచానికీ గుమ్మానికీ మధ్య ఉన్న కాస్త దూరం అతను నడిచాడు. కుడి కాలు ఈడుస్తూ, మధ్యలో ఆగుతూ, ఒకసారి పక్కకి తూలి మళ్ళీ నిలదొక్కుకుంటూ నడిచాడు. యజమాని ఎదురు రాబోయి, మనసొప్పక అక్కడే ఉండిపోయాడు.

గుమ్మం దగ్గర డ్రైవరు చెయ్యి చాపాడు. వేళ్ళు మూసుకోవడానికి ఎంత మొండికేశాయో తెరుచుకోవడానికీ అంతే మొండికేశాయి. తాళంచెవి రాలేదు. యజమాని లాక్కోలేక, వద్దనలేక, ఆ చెయ్యి కింద తన చెయ్యి చాపి ఎదురుచూశాడు. రొట్టెలమ్మ వచ్చి మొగుడి వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది.