మూత తీసి పెట్టిన పరీక్ష

వీధిలో అందరూ అతన్ని స్పీడు అనే పిలుస్తారు. అమ్మానాన్నలు పెట్టిన పేరేదో ఉండే ఉంటుంది గానీ, అది రసీదుల మీద తప్ప ఎక్కడా కనిపించదు. కంప్యూటర్లు బిగించి అమ్మే చిన్న కొట్టు అతనిది. ఒకచోట కుదురుగా కూర్చోలేడు. టీ చల్లారేదాకా ఆగలేక రోజూ నాలుక కాల్చుకునే రకం. అలాంటివాడి చేతికి ప్రాసెసర్ దొరికితే ఊరుకుంటాడా? కంపెనీవాళ్లు దానికి పెట్టి పంపిన వేగం చూస్తేనే అతనికి ఎక్కడలేని చిరాకూ వస్తుంది. "వాళ్లు భయస్తులండీ. ఇది ఇంకా పరిగెత్తగలదు, వాళ్లే పగ్గం బిగించి పంపారు" అంటాడు వచ్చిన ప్రతివాడితోనూ. ఆ పగ్గం వదలడాన్నే ఓవర్‌క్లాకింగ్ అంటారు. అందులో అతను చెయ్యి తిరిగినవాడని వీధంతా ఒప్పుకుంటుంది. ఒప్పుకునేదాకా అతను వదలడు మరి.

ఆ ఉదయం స్పీడు కొట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. కారణం బల్ల మీదున్న మెషిన్. పది రోజుల కింద ఒక ఫొటోగ్రాఫర్‌కి అమ్మినది తిరిగొచ్చింది. "మీ దగ్గర బుద్ధిగానే ఉంటుంది, మా ఇంటికొచ్చాకే పిచ్చెక్కుతోంది దీనికి" అని పడేసి పోయాడాయన. స్పీడు నిన్నంతా దానికి పరీక్ష పెట్టాడు. పరీక్ష అంటే ప్రాసెసర్ చేత గంటల తరబడి ఊపిరాడకుండా లెక్కలు చేయించడం. జవాబులు ముందే తెలిసిన లెక్కలు కాబట్టి, ఎక్కడ తప్పినా తెర మీద ఎర్రగా పడుతుంది. ఎక్కడా పడలేదు. పిచ్చి ఫొటోగ్రాఫర్‌కేనని తేల్చేసి, వాపసిచ్చేద్దామని పొద్దున్నే పెట్టె పక్క మూత బిగించి, ఎందుకైనా మంచిదని మళ్లీ పరీక్ష నడిపాడు. రెండు గంటలు గడిచేసరికి ఎర్ర గీత పడింది. ఒక లెక్క తప్పింది. పోనీ మెషిన్ ఆగిందా అంటే అదీ లేదు. తప్పు జవాబు చెప్పి, ఏమీ ఎరగనట్టు తర్వాతి లెక్కలోకి వెళ్లిపోయింది.

స్పీడు ఆ మూత వంక చూశాడు. అతనికి ఒక అలవాటుంది. కొన్నవాళ్లు వచ్చి ఎదురుగా నిలబడితే తప్ప మెషిన్‌కి పక్క మూత బిగించడు. నాలుగు మరలు తిప్పే ఓపిక లేక మొదలైన అలవాటది. కాబట్టి ఇన్నేళ్లుగా అతను పెట్టిన పరీక్షలన్నీ మూత తీసి, కిటికీ పక్కన, నెత్తిన ఫ్యాను గిర్రున తిరుగుతుండగా జరిగినవే. ఇళ్లలో అలా ఉండదు. మూత వేసి బల్ల కిందికి తోస్తారు. వేగం పెంచిన ప్రాసెసర్ మామూలుకంటే ఎక్కువ కాగుతుంది, ఆ వేడి పోయే దారి లేక లెక్క తప్పుతుంది.

అప్పుడు అక్క మెషిన్ గుర్తొచ్చింది.

అక్క వంతెనల ఇంజనీరు. ఏడాదిగా ఇంట్లోనే కూర్చుని పెద్ద ఆఫీసులకు లెక్కలు చేసిపెడుతోంది. ఇప్పుడు ఆమె చేతిలో ఉన్నది ఒక నడక వంతెన. బడి వదలగానే పిల్లలంతా ఒక్కసారి ఎక్కితే అది ఎంత ఊగుతుందో తేల్చాలి. ఆ నివేదిక ఇవాళ మధ్యాహ్నం మూడింటికి పంపాలి.

రెండు నెలల కింద, ఈ పని మొదలుపెట్టబోతూ, కొత్త మెషిన్ కావాలని కొట్టుకి వచ్చిందామె. స్పీడు మూడు ప్రాసెసర్ల సంగతి చెప్పాడు. పెద్దది తీసుకుంటే ఆమె లెక్క ఇరవై గంటల్లో తేలుతుంది, కానీ దానికి తగ్గ బోర్డూ, దాన్ని చల్లబరిచే పెద్ద కూలరూ కలిసి ఖర్చు రెండింతలవుతుంది. మధ్యది అటూ ఇటూ కాదు. చిన్నది చవక, నమ్మకమైనది, కానీ నలభై గంటలు పడుతుంది. అక్క చిన్నదాని పెట్టె మీద వేలు పెట్టి, "ఇదిచ్చెయ్. కానీ ఒక్క మాట. నువ్వు దీని వేగం పెంచకూడదు. నా పాత మెషిన్‌తో ఆడుకుని మూడుసార్లు చంపావు, గుర్తుందిగా" అంది.

"పెంచనక్కా, నీ మీద ఒట్టు" అన్నాడు స్పీడు.

ఆ మాట అన్నప్పుడు నిజంగానే అన్నాడు, అది మాత్రం చెప్పుకోవాలి. కానీ బిగించి చూస్తే ఆ ప్రాసెసర్ మేలిమి ముక్క. ఒకే కాన్పులో పుట్టిన పిల్లల్లో ఒకడు గట్టిపిండం అయినట్టు, ఒకే పెట్టెలో వచ్చిన ప్రాసెసర్లలో కూడా ఒకటి మిగతావాటికంటే ఎక్కువ ఓర్చుకుంటుంది. ఇది ఎంత పెంచినా కిమ్మనలేదు. నలభై గంటల పని ముప్పై ఒకటికి దిగింది. తొమ్మిది గంటలు! అక్కకి చెప్పకుండా ఇచ్చిన కానుక అనుకున్నాడు. తనకి తానే ఎంత ముద్దొచ్చాడో ఆ రోజు. మూత తీసి ఒక రోజంతా పరీక్ష పెట్టి, ఒక్క తప్పూ లేదని మురిసిపోయి, తీసుకెళ్లి అక్క బల్ల కింద చెక్క అరలో దూర్చి, అర తలుపు కూడా తనే వేసొచ్చాడు.

ఇప్పుడు కొట్టు మూసి అక్క ఇంటికి పరుగులాంటి నడకతో బయల్దేరాడు. దారంతా ఒకటే గోల లోపల. ఫోన్లో చెప్పేస్తే? మొహం చూడక్కర్లేదు. అసలు చెప్పడం ఎందుకు, దుమ్ము దులుపుతానని కూర్చుని గుట్టుచప్పుడు కాకుండా వేగం తగ్గించేస్తే? కానీ ఈపాటికి లెక్క అయిపోయి ఉంటే? వంతెన మీదికి పిల్లలు గుంపుగా ఎక్కడం కళ్లకి కట్టింది. రెండుసార్లు వెనక్కి తిరిగి, రెండుసార్లూ మళ్లీ ముందుకే నడిచాడు.

బావ తలుపు తీశాడు. స్పీడుని చూసి గొంతు తగ్గించి, "నువ్వైనా మాట్లాడించవయ్యా. వారం నుంచి మీ అక్క నోట మాట లేదు. కోపమా అంటే కాదంటుంది. నేను చేసిన కూరలో ఉప్పు లేకపోయినా తినేస్తోంది, నాకు భయమేస్తోంది" అన్నాడు.

"మెషిన్ దుమ్ము దులుపుదామని వచ్చా బావా" అన్నాడు స్పీడు నీళ్లు నములుతూ.

అక్క వంటింట్లో ఉంది. స్పీడు ఆమె గదిలోకి దూరి అర తలుపు తెరిచాడు. వేడి మొహాన కొట్టింది. అయిదు నిమిషాల పని. మెషిన్ ఆపి, మళ్లీ తెరిచి, వేగాన్ని కంపెనీ పెట్టినచోటికి దించేశాడు. ఇక లేచి వెళ్లిపోవచ్చు.

లేవబోతూ బల్ల మీద చూశాడు. కాగితాల కట్టలు నాలుగు. ప్రతి కట్టలో పై కాగితం మీద ఒకే చోట ఎర్ర సిరాతో సున్నా చుట్టి ఉంది. సున్నాల్లో అంకెలు మాత్రం ఒకదానికొకటి కలవలేదు.

"అవి చూడకు, నాకే సిగ్గుగా ఉంది" అంది అక్క, టీ కప్పులతో వస్తూ. కళ్లు ఉబ్బి ఉన్నాయి. "ఒకే లెక్క నాలుగుసార్లు నడిపా. నాలుగు జవాబులు. ఎక్కడో తప్పు చేస్తున్నా, దొరకట్లేదు."

"ఇంకోసారి నడిపి చూడక్కా. ఈసారి సరిపోతుందేమో."

సరిపోతుంది. అది అతనికి తెలుసు. వేగం దించేశాడు కదా! ఆమె నడుపుతుంది, జవాబులు కలుస్తాయి, ఇంట్లో మళ్లీ మాటలు వినిపిస్తాయి, ఎవరికీ ఏమీ తెలియదు. ఇంత తేలిగ్గా బయటపడే దారి అతనికి జీవితంలో ఎప్పుడూ దొరకలేదు.

"ఇంక నడపనురా" అంది అక్క. "వంతెన వేరేవాళ్లకి ఇమ్మని ఆఫీసుకి ఉత్తరం రాసేశా. ఇదిగో, పంపడమే మిగిలింది. పద్దెనిమిదేళ్లు చేశాను ఈ పని. ఇప్పుడు నా లెక్క మీద నాకే నమ్మకం పోయాక పిల్లలు నడిచేదాని మీద ఎలా సంతకం పెట్టను?"

"మెషిన్‌దేమో తప్పు. నీదే ఎందుకనుకున్నావు?"

"మొదటిరోజు నాకూ అదే అనిపించింది. మీ బావ కూడా అన్నారు, ఒకసారి తమ్ముణ్ణి పిలువు అని. నేనే వద్దన్నా." కప్పు అతని చేతికిచ్చింది. "నా మీద ఒట్టేశావు కదరా. నువ్వు పెంచలేదంటే తప్పు నాదేగా."

స్పీడు కప్పు కింద పెట్టేశాడు. "పెంచానక్కా" అన్నాడు. "మొదటిరోజే పెంచా. మూత తీసి పరీక్ష పెట్టి, బాగుందనుకున్నా. ఇందాకే దించేశా. నీకు చెప్పకుండా పోదామనుకున్నా."

స్పీడు తిట్ల కోసం కాచుకుని ఉన్నాడు. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుని ఏడ్చింది. కోపంతో కాదు, తన బుర్ర బాగానే ఉందని తెలిసి వచ్చిన ఏడుపది. అది చూడటం స్పీడుకి తిట్లకంటే కష్టమైంది.

కళ్లు తుడుచుకుని ఉత్తరం చింపేసింది. ఫోన్ తీసి ఆఫీసుకి చేసింది. "నివేదిక ఇవాళ రాదండీ. మెషిన్ సరిగ్గా లేదు, నాలుగు రోజులు ఇవ్వాలి... తెలుసండీ, ఆలస్యమే... ఎలా తెలిసిందంటే, బిగించినవాడే వచ్చి చెప్పాడు." అవతల గొణుగుడు వినిపించింది. చివరికి ఒప్పుకున్నారు.

లెక్క మొదలుపెట్టింది. అర తలుపు తెరిచే ఉంచింది. మెషిన్‌లో ఫ్యాను ఎప్పుడూ లేనంత నెమ్మదిగా తిరుగుతోంది. స్పీడు గోడవారన, ఎవరూ కూర్చోమనకుండానే కూర్చున్నాడు.

"నలభై గంటలేగా అక్కా. నాలుగు రోజులెందుకు అడిగావు?"

"అయ్యాక మళ్లీ మొదటినుంచి నడుపుతా" అంది అక్క, తెర మీంచి చూపు తిప్పకుండా. "నువ్వు బిగించింది కదా. ఇకనుంచి ఏదైనా రెండుసార్లే."

స్పీడు తల వంచుకుని, చల్లారిపోయిన టీ తాగాడు.