మూత తీసి చూసే మనిషి

మా మరిదికి మూత కనబడితే చెయ్యి ఆగదు. ముప్పై ఏళ్లుగా బేకరీ నడుపుతున్నాడు. పిండి పొంగబెట్టే పెట్టె తెరవడం, గుడ్డ ఎత్తడం, ముక్కు పెట్టి వాసన చూడడం, మళ్లీ కప్పడం. రోజుకు వందసార్లు ఇదే పని. ఇంట్లో పొయ్యి మీద ఏది ఉడుకుతున్నా దాని మూతా ఎత్తి చూస్తేగాని ముందుకు కదలడు. పక్కింటివాళ్లు కొన్న కొత్త ఫ్రిజ్ చూడ్డానికి వెళ్లి, దాన్నీ తెరిచి వాసన చూసి వచ్చాడు. ఆ సంగతి తలుచుకుంటే మా తోటికోడలు ఇప్పటికీ తల పట్టుకుంటుంది.

కిందటేడు ట్రేలు కడిగే కాస్టిక్ సోడా నీళ్ల డబ్బా మూత కూడా అలాగే తీసి చూశాడు. అది చింది కుడికంట్లో పడింది. నల్లగుడ్డు మీదికి ఎర్రటి పొర పాకి, ఆ కన్ను ఇక వెలుతురు తప్ప మరేమీ చూడలేదు.

మా ఆయన పోయాక నేను మరిది ఇంట్లోనే ఉంటున్నాను. ఆస్పత్రిలో మూడో అంతస్తు శుభ్రం చేయడం నా ఉద్యోగం. మూలకణాలు పెంచేది అక్కడే. ఆ పని చూసే డాక్టరమ్మ మా మరిదిని దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పింది. నల్లగుడ్డు అంచున ఉండే మూలకణాలే కంటి మీది అద్దంలాంటి పొరను ఎప్పటికప్పుడు కొత్తగా తయారు చేస్తాయట. కాలిన కంట్లో అవి చచ్చిపోయాయి. మంచి కంటి అంచు నుంచి నువ్వుగింజలో సగమంత ముక్క తీసి, గిన్నెలో రెండు వారాలు పెంచి, కాలిన కంటి మీద పరుస్తారు. అందరికీ పట్టదనీ, పట్టినా చూపు ఎంత వస్తుందో ముందే చెప్పలేమనీ కూడా చెప్పింది.

ముక్క తీశారు. రెండు గిన్నెల్లో వేసి, రెండు గదుల్లో రెండు ఇంకుబేటర్లలో పెట్టారు. ఇంకుబేటరంటే ఎప్పుడూ ఒళ్లంత వెచ్చగా, తేమగా ఉండే పెట్టె. ఆ రోజు నుంచి మరిది నన్ను బతకనివ్వలేదు. నేను ఇంటికి రాగానే తిన్నాయా అని అడిగేవాడు. గిన్నెలో గులాబీరంగు నీళ్లు పోస్తారనీ, కణాలు తిన్నకొద్దీ అవి పసుపుగా మారతాయనీ చెబితే, పిల్లలు బాగా తింటున్నారన్నట్టు తలాడించేవాడు. ఆపరేషన్ గురువారమన్నారు. అంతకుముందు ఆదివారం పొద్దున్నే నా వెంటపడ్డాడు.

"నా కన్ను మీ ఆఫీసులో పెరుగుతుంటే నేను చూడకూడదా వదినా? ఒక్కసారి. అద్దంలోంచే చూస్తాను."

నాకు జాలేసింది. తీసుకెళ్లాను. టోపీ, గౌను, మాస్కు, కాళ్లకు తొడుగులు, చేతులకు రెండు జతల గ్లౌజులు, అన్నీ పద్ధతి ప్రకారమే వేశాను. మొదటి గదిలో పెట్టె ముందు నిలబెట్టి, మాపు గుడ్డ మార్చుకుందామని అటు తిరిగాను. పది లెక్కపెట్టేంత సేపు.

ఇటు తిరిగేసరికి పెట్టె తెరిచి ఉంది. మాస్కు గడ్డం కిందికి దిగింది. ఎడమచేతిలో గిన్నె మూత, గిన్నెలో ముక్కు.

"ఇంకా పొంగలేదు వదినా. రేపటికి పొంగుతుందిలే," అన్నాడు, నన్ను ఊరడిస్తున్నట్టు.

ఎవరికీ చెప్పలేదు. గిన్నె మీద మూత పెట్టి, పెట్టె మూసి, అతన్ని ఇంటికి లాక్కొచ్చాను.

మంగళవారం పొద్దున గులాబీ నీళ్లు మజ్జిగలా కలకబారి ఉన్నాయి. డాక్టరమ్మ మైక్రోస్కోపులో చూసి పెద్ద డాక్టరును పిలిచింది. ఈస్ట్. రొట్టె పొంగించేది. గిన్నెలో పూసలు పూసలుగా కాపురం పెట్టేసింది. గాలి యంత్రం విప్పారు, గ్లౌజుల డబ్బాలు తిరగేశారు. ఈ గదిలోకి ఈస్ట్ ఎలా వచ్చిందో ఎవరికీ అంతుపట్టలేదు. రెండో గిన్నె చూడ్డానికి తేటగానే ఉంది. కానీ ఎక్కడి నుంచి వచ్చిందో తెలియనప్పుడు దాన్నీ నమ్మలేమన్నాడు పెద్ద డాక్టరు. రెండూ పారేసి, మంచి కంటి నుంచి ఇంకో ముక్క తీయాలట.

ఉన్నది ఒక్క మంచి కన్ను. నేను మాపు పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాను. నోరు విప్పితే నా ఉద్యోగం పోతుంది, విప్పకపోతే ఆ కంటికి మళ్లీ కత్తి తప్పదు.

డాక్టరమ్మ రిజిస్టరు తీసింది. యాభై దాటాక చదువు నేర్చుకున్నదాన్ని, రాయడమంటే నాకు మోజు. అందరూ "క్లీనింగ్ అయింది" అని రాసేచోట నేను నాలుగు వరుసలు రాస్తాను. కిటికీ దగ్గర చీమ కనబడిందనీ, చంపకుండా బయట వదిలాననీ రాసి ఒకసారి అందరినీ నవ్వించాను. ఆదివారం పేజీలో కూడా నాలుగు వరుసలున్నాయి. వాటిలో మరిది లేడు. పెన్ను అడిగి తీసుకుని కింద రాశాను.

"నాతో మా మరిది వచ్చాడు. మొదటి గదిలో పెట్టె తెరిచి, గిన్నె మూత తీసి వాసన చూశాడు. రెండో గదిలోకి వెళ్లలేదు. ఆయనకు బేకరీ ఉంది."

డాక్టరమ్మ ఆఖరి మాట రెండుసార్లు చదివింది. పెద్ద డాక్టరు స్టూలు మీద కూలబడ్డాడు.

"వాసన చూశాడా?"

"చూశాడండీ."

"చూసి?"

"ఇంకా పొంగలేదన్నాడండీ."

ఆయన గోడవైపు తిరిగాడు. భుజాలు కదిలాయి. కోపమో నవ్వో తెలియలేదు. ఇటు తిరిగేసరికి మొహంలో ఏమీ లేదు. మూడో అంతస్తు మెట్టెక్కొద్దని, రేపటి నుంచి కింద మెట్లు, వరండా తుడవమని చెప్పాడు. రెండో గిన్నెను మూడు రోజులు పరీక్ష చేసి, అందులో ఏమీ చేరలేదని తేల్చారు. ఆపరేషన్ శనివారానికి వాయిదా పడింది.

ఇంట్లో మరిది ఒక రోజంతా నాకు ఎదురుపడకుండా తిరిగాడు. మర్నాడు వచ్చి పీట వాల్చుకుని కూర్చున్నాడు.

"పరువు తీశావు కదా వదినా. ఆస్పత్రంతా నన్ను చూసి నవ్వుతోంది."

"నవ్వనీ. నీ ముక్కు పుణ్యమా అని కన్ను పోయేది," అన్నాను.

ఆపరేషనయ్యాక కట్టు కట్టి, వారం దాకా దీన్ని ఎవరూ ఎత్తి చూడకూడదని డాక్టరమ్మ మా ముగ్గురికీ చెప్పింది. చెప్పింది ముగ్గురికీ, చూసింది మాత్రం మరిదినే. ఇంటికి రాగానే తోటికోడలు ఓవెన్ దగ్గర వాడే మందపాటి గ్లౌజులు తెచ్చి, అతని రెండు చేతులకూ తొడిగి, మణికట్టు దగ్గర తాడుతో ముడేసింది. వారం రోజులు ఆవిడే తినిపించింది. ఇంటి ముందుగదే బేకరీ కాబట్టి, బన్నులకొచ్చినవాళ్లంతా లోపలికి తొంగిచూసి పలకరించి వెళ్లారు. మూడోనాడు తలుపు చెక్కకు కట్టు రాస్తూ దొరికిపోయాడు. దురద అన్నాడు. అప్పట్నుంచి పగలు తోటికోడలు, రాత్రి నేను కాపలా.

ఎనిమిదో రోజు డాక్టరమ్మ కట్టు విప్పింది. దీపం వేసి చాలాసేపు చూసింది. మరిది గ్లౌజుల చేతులు ఒళ్లో పెట్టుకుని బిగుసుకుపోయి కూర్చున్నాడు.

"పొంగిందా డాక్టరమ్మా?"

"పొంగకూడదండీ. పట్టుకుంది," అంది.

పొర తేటగా ఉందట. చూపు ఎంతవరకు వస్తుందో నెలలు గడిస్తేగాని తెలియదట. ఆ కంటితో ఏం కనబడుతోందని అడిగితే, తెల్లగా ఎవరో నిలబడ్డట్టుందన్నాడు. ఆ తెల్లటిది డాక్టరమ్మ కోటు. తోటికోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీవైపు తిరిగింది.

ఇక గ్లౌజులు విప్పమంది డాక్టరమ్మ. ముడి నేనే విప్పాను. చేతులు రెండూ బయటికొచ్చాయి. మరిది వేళ్లు చాపుకుని, ముడుచుకుని, ఆ కొత్త కంటితో బల్లకేసి చూశాడు. అక్కడ స్టీలు డబ్బా ఒకటి తళతళలాడుతోంది.

"వదినా, అదేమిటీ," అంటూ చెయ్యి చాపాడు.

మూడు చేతులు ఒక్కసారే ఆ డబ్బా మూత మీద పడ్డాయి. నాది, తోటికోడలిది, డాక్టరమ్మది.