రాతి మీద బట్టమేక పిట్ట

ఊరంతా ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి అంటారు. ఆ ఉలిపికట్టె నా మొగుడు ఏసప్ప. బీదరులో రాతి అచ్చు పని తెలిసినవాళ్ళంతా పెళ్ళి కార్డులూ, కచేరీ నోటీసులూ రాసుకుని హాయిగా బతికారు. ఈయనకు మాత్రం బీడు భూముల్లో తిరిగే జీవాలు కావాలి. వాటిని రాతి మీద గీసి, మంచి కాగితం మీద అచ్చు తీసి, ఆరు బొమ్మల వరస చేయాలి. ఉడుము, గుంటనక్క, చెవులపిల్లి, కౌజు, కృష్ణజింక, అయిదూ అయ్యాయి. జింక బొమ్మ చూసి మా పాస్టరుగారే కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశారు. ఆరోది బట్టమేక పిట్ట. మనిషి నడుమెత్తు ఉండే ఆ పిట్ట లేనిదే తన వరస తల లేని మొండెం అనేవాడు.

దాన్ని మొదలుపెట్టే లోపే ఆయన కళ్ళు మసకబారాయి. నేను ఆయాగా పనిచేసే మిషన్ ఆస్పత్రిలోనే చూపించాం. పోయిన చూపు రాదనీ, ఉన్నది ఎన్నాళ్ళు ఉంటుందో చెప్పలేననీ డాక్టరమ్మ అన్నది. ఆ రోజు మోకాళ్ళ మీద పడి, కూరగాయల దగ్గర బేరమాడినట్టు ప్రభువుతో బేరమాడాను. తరవాత అంతా తీసుకో, ఈ ఒక్క పిట్ట అయ్యేదాకా చూపు ఉంచు అన్నాను. నాకు అంతకంటే పెద్దది అడగాలని తోచలేదు.

పైగా ఆయన పనిచేసే ప్రెస్సు కూడా ఎక్కువ నాళ్ళు ఉండేటట్టు లేదు. చౌబారా బురుజు దగ్గర మాణిక్యప్పది. మమ్మల్ని మైసూరు రాజ్యంలో కలిపాక ఉర్దూ పని పడిపోయింది, కన్నడ అక్షరాల మిషను వచ్చి కూర్చుంది. "దీపావళి దాకనే ఏసప్పా. అటెన్క రాళ్ళన్ని హైద్రాబాద్ పోతయ్," అన్నాడు.

ఇద్దరం కొల్హార్ దిక్కు బీడుకు పొద్దున్నే నడిచి పోయేవాళ్ళం. ఎన్నో పొద్దులు ఉత్త చేతులతో వచ్చాక ఒకరోజు పిట్ట కనబడింది. నేను ఆయన చెయ్యి పట్టి ఆపాను.

"లీయమ్మా, నువ్వు చెప్పు. ఎట్ల నిలబడ్డది?" అన్నాడు.

"నాకు పరీక్ష పెడుతున్నవా ఏందయ్యా?"

"అనుకో. సక్కగ చూస్తున్నవో లేదో తెలుస్తది."

"మెడ తెల్లగ, నిటారుగ ఉన్నది. నెత్తి మీద నల్ల టోపి. ఎద మీద నల్ల పట్టి. ఒక కాలు ముందలికి పెట్టింది," అని గర్వంగా చెప్పాను.

చూపు ఎట్లుందని అడిగితే "ఇంక చాన ఉన్నది" అనేవాడు. నమ్మాలని ఉంది కాబట్టి నమ్మాను.

ప్రెస్సు వెనక గదిలో తలుపు వేసుకుని గీశాడు. నన్ను రానివ్వలేదు. నేనుంటే మాట్లాడుతూనే ఉంటానన్నాడు. నా నోటి సంగతి ఊరందరికీ తెలుసు కనుక తలుపు బయటే ఆగిపోయాను.

అచ్చు తీసే రోజు రాయి తడిపే పని నాది, రోలరు పని మాణిక్యప్పది. ఏసప్ప బయట అరుగు మీద ఎండకు కూర్చున్నాడు. మొదటి కాగితం లేపి వెలుతురుకు పట్టాను. అచ్చం ఆ పొద్దు చూసిన పిట్టే. మరుక్షణం దాని మెడ పొడుగునా, రెక్క అంచున, కాళ్ళ దగ్గర వేలిముద్రలు కనబడ్డాయి. నల్లగా, వరసగా, లెక్కలేనన్ని.

రాతి అచ్చుకు జిడ్డే ప్రాణం. జిడ్డు ఉన్నచోట సిరా పడుతుంది, తడి ఉన్నచోట పడదు. జిడ్డు బలపంతో గీసిన గీతల సంగతి సరే, వేలు తగిలిన చోట చెమట జిడ్డును కూడా రాయి పట్టుకుంటుంది. అప్పుడు కంటికి కనపడదు. సిరా పూసినప్పుడు తేలుతుంది.

"ఎవనిది ఈ చెయ్యి? నా మొగని రాయి మీద చెయ్యి పెట్టినోడెవడు మాణిక్యన్నా?"

"నరసింహస్వామి ఒట్టు అక్కా! ఆ గదిల ఏసప్ప తప్ప ఎవ్వరు అడుగు పెట్టలే."

"మా ఏసప్ప ఉత్త వేలితో రాయిని ముడతడా? బుద్ధి ఉండే మాట్లాడుతున్నవా? గీకెయ్ వాటిని!"

"మెడ మీదనే ఉన్నయి. గీకితే మెడ పోతది. అంత సన్నగ గీకెటోడు ఏసప్ప ఒక్కడే."

మా అరుపులకు ఏసప్ప గోడ పట్టుకుంటూ లోపలికి వచ్చాడు. "ఏం లొల్లి? కాగితం ఇటియ్యిరి," అన్నాడు. చేతికిచ్చాను. కిటికీ వెలుతురుకు తీసుకుపోయి, ముఖం దగ్గరగా పెట్టుకుని, చాలాసేపు చూశాడు.

"బంగారమసొంటిగ వచ్చింది," అన్నాడు. "మెడ చూడు, ఆకాశం చూడు, ఒక్క మచ్చ లేదు. దీనికా లొల్లి చేస్తున్నవ్?"

ఆ వేలిముద్రలు ఆయనవే. ఎడమ చేతి వేలు గీత చివర ఆనించుకుని, అక్కడి నుంచి కుడి చేత్తో ఇంకో గీత. పిట్ట మొత్తం అట్లాగే గీశాడు. నేను ప్రభువుతో బేరమాడే నాటికే చూపు ఎంత పోయిందో, ఏనాడు మొత్తం పోయిందో, పక్కనే పడుకునే నాకు తెలియలేదు. ఎన్నడూ మూతపడని నా నోరు ఆ రోజు తెరుచుకోలేదు.

"మాట్లాడవేందే?" అని నవ్వాడు. కాగితాన్ని రెండు చేతులతో పసిబిడ్డలా పట్టుకున్నాడు. "ఇంకొకటి తియ్యమను. డాక్టరమ్మకు ఇద్దాం. చూపు పోయినోడు ఇట్ల గీస్తడా అమ్మా అని నేనే అడుగుత."

మాణిక్యప్ప నా వైపు చూశాడు. నేను నీళ్ళ బట్ట పిండి, రాయి తడిపాను.