ఓదెలు తట్టిన కొండచరియ

నేను ఒక రాతి పొరను. ఆస్ట్రేలియా దక్షిణపు కొసన, సముద్రం రోజుకు రెండుసార్లు వచ్చి కాళ్లు కడిగిపోయే కొండచరియలో ఉంటాను. మర్యాద చేస్తోందనుకునేరు, కొంచెం కొంచెంగా కొరుక్కుతింటోంది.

పుట్టి పదకొండు కోట్ల ఏళ్లయింది. అప్పట్లో నేనొక ఏటి ఒండ్రును. మా నేల దక్షిణ ధ్రువాన్ని ఆనుకుని ఉండేది. చలికాలం వచ్చిందంటే వారాల తరబడి సూర్యుడు మొహం చూపేవాడు కాదు. రాక్షసబల్లి అనగానే మీరంతా తాటిచెట్టంత ఊహించుకుంటారు గానీ, మా దగ్గర తిరిగినవి చాలావరకు మేకలంతే. చచ్చినవాటిని ఏరు తెచ్చి నాలో పడేసేది. వాటిని కప్పుకుని నేను గట్టిపడ్డాను.

మనుషులు నిన్నమొన్న వచ్చారు. మొదట బొగ్గు కోసం ఒకాయన వచ్చి, జానెడు పొర మాత్రమే కనబడేసరికి నన్ను నానా తిట్లూ తిట్టిపోయాడు. తరవాత ఒక ప్రేమజంట నా మీద పేర్లు చెక్కింది. సముద్రం ఆ పేర్లు చెరిపేలోపే వాళ్లు విడిపోయి ఉంటారని నా అనుమానం.

ఆ తరవాత వనమాల వచ్చింది. గోదావరిఖని పిల్ల, ఇక్కడ శిలాజాల మీద పరిశోధన చేస్తోంది. ఈ బల్లులు చలికి వలసపోలేదని, ఇక్కడే పిల్లల్ని పెట్టి ఆ చీకట్లోనే బతికాయని ఆమె వాదం. అది నిలబడాలంటే అంతదూరం నడవలేని పసిదాని ఎముక కావాలి. మూడేళ్లు నన్ను బెల్లంముక్కలంత ముక్కలు చేసి వెదికింది. తవ్వకాల అనుమతి ఇంకో రెండు రోజులుందనగా దొరికింది, వేలెడు తొడ ఎముక.

దాని పైన చూరులా పొడుచుకొచ్చిన బండ ఒకటి ఉంది. అదీ నేనే. రాత్రి వానకు అది లోపల వదులైంది. పైకి నెర్రె కనబడదు. ఆమె సరిగ్గా దాని కిందే బాసింపట్టు వేసుకుని ఉలి ఆడిస్తోంది. హెల్మెట్ పెట్టుకుంది పాపం, ఆ బండ ముందు అదెంత! ఎక్కడ మీద పడతానోనని నా ప్రాణం గిలగిలలాడింది. నోరు లేనిదాన్ని, చెప్పేదెలా?

ఆ రోజు ఆమె తండ్రి ఓదెలు అన్నం డబ్బా పట్టుకొచ్చాడు. కూతుర్ని చూసిపోదామని వచ్చిన మనిషి. సింగరేణిలో ముప్పయ్యేళ్లు మైనింగ్ సర్దార్‌గా చేశాడు. పనివాళ్లు లోపలికి వెళ్లేముందు గని పైకప్పును కర్రతో తట్టి, చప్పుడు విని, ఉంటుందో ఊడుతుందో చెప్పడం ఆయన పని. చూరు కింద అడుగు పెట్టబోతూ, అలవాటు కొద్దీ చేతికర్రతో నన్ను తట్టాడు.

పలికాను. డొల్లగా పలికాను.

ఆయన మొహం మారిపోయింది. "వనా, లే. బయటికి రా."

"పది నిమిషాలు నాయినా. నీళ్లొస్తున్నయి, ఇప్పుడు తియ్యకుంటే ఎట్ల?"

"రూఫ్ డొల్లగ పలుకుతున్నది బిడ్డా. సామాన్లు ఆడనే ఇడిసిపెట్టు."

"ఇది గని కాదు నాయినా! పొద్దున్నే మా టీమోళ్లు అంతా చూసిపోయిన్రు."

చూసినవాళ్లు కళ్లతోనే చూశారు. ఓదెలు రెక్క పట్టి గుంజాడు. ఆమె విసుక్కుంటూ పది అడుగులు వేసిందో లేదో, బండ ఊడిపడింది.

ఆమె కూర్చున్న చోట ఇప్పుడు మనిషెత్తు రాయి ఉంది. వనమాల తండ్రి చొక్కా పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది, ఎముక కోసం కాదు. నా గుండె బరువంతా ఒక్కసారిగా దిగిపోయింది.

మర్నాడు సముద్రం వెనక్కి తగ్గిన ఆటు వేళకు చూస్తే బండ ఓ మూల రాతికి ఆనుకుని ఆగింది. కింద ఎముక చెక్కుచెదరలేదు. ఈసారి ఓదెలు ఊ అనేదాకా ఎవరూ అడుగు కదపలేదు. ఆయన మళ్లీ అంతటా తట్టాడు. ఖంగుమన్నాను.

"ఇగ పో బిడ్డా, ఏం కాదు."

మధ్యాహ్నానికల్లా ఎముకను దూదిలో చుట్టి పెట్టెలో పెట్టారు. అందరూ సంబరంగా కారు వైపు నడుస్తుంటే ఓదెలు ఒక్కడే వెనక్కి వచ్చాడు. కర్ర పక్కన పెట్టి, అరచేత్తో నన్ను నిమిరి, "నా బిడ్డను నాకిచ్చినవ్ తల్లీ" అన్నాడు.

చచ్చిన పిల్లల్ని కప్పుకోవడమే ఇన్నాళ్లూ నాకు తెలిసిన పని. బతికున్న పిల్లను తండ్రి చేతికి అప్పగించడం నాకదే మొదటిసారి.