మడతపేచీ

పెద్ద మంచం దుప్పటిని ఒక్క మనిషి మడతపెట్టాలంటే రెండు చేతులు చాలవు, గడ్డం కూడా కావాలి. మధ్యకు మడిచి, ఆ మడతను గడ్డం కింద నొక్కిపట్టి, చేతులు రెండూ బార్లా చాపి కొసలు వెతుక్కోవాలి. ఒక కొస దొరికేసరికి రెండోది నేల మీద జీరాడుతుంటుంది. పద్దెనిమిదేళ్ళుగా మా ఇంట్లో దుప్పట్లు ఇలాగే మడతలు పడుతున్నాయి. ఆ ఆదివారం కూడా గడ్డం కింద దుప్పటి ఉండగానే, నాలుగడుగుల దూరంలో సోఫాలో కూర్చున్న మా ఆయనతో చెప్పాను, "డాక్టరమ్మ తేదీ ఇచ్చింది. వచ్చే నెల పన్నెండు" అని.

"దేనికి?" అన్నాడు. ఎదురుగా ఆయన్ని మీరు అంటాను. లోపల మాత్రం అన్నాడు, చేశాడు అనే అనుకుంటాను. ఇది లోపలి సంగతి కాబట్టి అలాగే చెబుతాను.

"పొట్ట దగ్గర వేలాడే చర్మం తీయించడానికి. చెప్పానుగా."

"లోపలిది ఎవరు చూస్తారే?" అని ఫోనులోకి తల దించేశాడు. పక్క గదిలోంచి అత్తయ్య అందుకుంది. "నలభై దాటాక సోకులేంటమ్మాయ్. పిల్లల్ని కన్న పొట్ట అలాగే ఉంటుంది. నాకు లేదా?"

సోకట. రెండున్నరేళ్ళలో నలభై ఆరు కిలోలు తగ్గాను నేను. తెల్లవారకముందే లేచి, వాన అయినా చలి అయినా నడిచి, ఇంటిల్లిపాదికీ వేయించినవీ వండినవీ వడ్డించి, నా కంచంలో నేను అనుకున్నంతే పెట్టుకుని తగ్గాను. ఒక్కరంటే ఒక్కరు తోడు రాలేదు. తగ్గాక మాత్రం మా ఆయన నా పాత ఫొటో, కొత్త ఫొటో పక్కపక్కన పెట్టి ఆఫీసులో అందరికీ చూపించాడు. "నేనే దగ్గరుండి తగ్గించాను" అని చెప్పుకున్నాడట. దగ్గరుండి ఆయన చేసిందల్లా నేను నడిచి వచ్చేసరికి గురక పెట్టడం. పూర్వం నన్ను ముద్దుగా 'బస్తా' అనేవాడు. చుట్టాల ముందు కూడా అనేవాడు, వాళ్ళు నవ్వేవాళ్ళు, నేనూ నవ్వేదాన్ని. ఇప్పుడు 'ఖాళీ బస్తా' అంటాడు. మనిషి సగమైనా మాట మాత్రం తగ్గలేదు.

కొవ్వు పోయింది కానీ అది నింపిన చర్మం ఎక్కడికీ పోలేదు. బొడ్డు కింద నుంచి తొడల పైదాకా వేలాడుతుంది. పొద్దున స్నానమయ్యాక దాన్ని ఒక చేత్తో ఎత్తిపట్టి, రెండో చేత్తో కింద తుడిచి, ఆరనిచ్చి, పౌడరు అద్ది, పాత నూలుగుడ్డ మడిచి లోపల పెట్టుకుంటాను. ఆ పైన ప్యాంటులోకి సర్దుకుంటాను. ఇంత చేసినా మధ్యాహ్నానికి చెమట పట్టి ఒరుసుకుపోతుంది. ఎర్రబడుతుంది, పగులుతుంది, నీరు కారుతుంది, వాసన వేస్తుంది. నలుగురిలో కూర్చుంటే నా ప్రాణమంతా ఆ వాసన మీదే ఉంటుంది. ఒళ్ళు మండిందంటే జనం కోపం అనుకుంటారు. నాకు రెండూ కలిసే మండుతాయి.

రెండేళ్ళుగా మందులు రాసిన చర్మం డాక్టరే చివరికి ఆపరేషన్ చేసే డాక్టరమ్మ దగ్గరికి పంపాడు. ఆమె చూసి, "ఈ మడత ఉన్నంతకాలం ఈ పుండు తిరిగి వస్తూనే ఉంటుంది. బరువు ఏడాదిగా నిలకడగా ఉంది కాబట్టి తీసేయొచ్చు" అంది. ఆపరేషన్ ఖర్చు నా జీతంలోంచి, ఎవరినీ చేయి చాచి అడగలేదు. అయినా ఇంట్లో రోజుకొక మడతపేచీ. మత్తు మందు పడకపోతేనో అని ఒకరోజు. ఇంత పెద్ద కుట్టు పడితే చూడ్డానికి బాగుండదని ఇంకోరోజు. ఎవరు చూస్తారే అనేదీ ఆయనే కదా? మరుదులతో ఫోనులో మా ఆయన జోకులు కూడానూ. "మా చిన్నప్పుడు మేష్టారు ఊరికే తోలు తీసేవాడురా. ఈవిడ ఎదురు డబ్బిచ్చి తీయించుకుంటుందట" అని పగలబడి నవ్వాడు. నేను అవతల గదిలో తుడిచిన గుడ్డ ఉతుక్కుంటున్నాను. జోకు బాగానే ఉంది, అదే కదా నా బాధ.

అసలు పేచీ ఏమిటో ఆ ఆదివారం గానీ బయటపడలేదు. దుప్పటి మడత పూర్తిచేసి బీరువాలో పెడుతూ, "ఆరు వారాలు బరువులు ఎత్తకూడదట. మొదటి రెండు వారాలైతే నిటారుగా కూడా నడవలేనట" అన్నాను. ఫోను పక్కన పెట్టాడు. అత్తయ్య గదిలో టీవీ గొంతు తగ్గింది. నా పుండు గురించి చెప్పినప్పుడు తగ్గని టీవీ, నేను బరువు ఎత్తనంటే తగ్గింది.

"మరి నా వేన్నీళ్ళ బకెట్టు?" అంది అత్తయ్య.

బకెట్టు. స్నానం పీట మీంచి ఆవిడని చంకల కింద చేతులేసి లేపడం. సరుకుల సంచులు మూడంతస్తులు మోయడం. తడిబట్టల బుట్ట డాబా మీదకి ఎక్కించడం. పరుపు తిరగేయడం. వీటికి ఇంట్లో ఎవరూ పని అని పేరు పెట్టలేదు, నేను ఆగిపోతానన్న రోజున గానీ అవి ఉన్నట్టే తెలియలేదు. ఆవిడ మోకాళ్ళ నొప్పి నిజమే, ఆవిడ భయమూ నిజమే, దాని మీద నాకు కోపం లేదు. ఆవిడ కొడుకు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని ఎదురుగానే కూర్చున్నాడే, ఆ బకెట్టు సంగతి ఆయన్ని ఎందుకు అడగలేదన్నదే నా కోపం.

బుధవారం ఆస్పత్రికి ఇద్దరం వెళ్ళాం. పేషెంటుకి తోడుండే మనిషి వచ్చి కాగితం మీద సంతకం పెట్టాలన్నారు కాబట్టి వచ్చాడు. రాగానే డాక్టరమ్మతో, "అందం కోసమే కదండీ, తొందరేం లేదుగా?" అన్నాడు. ఆమె నా ఫైలు ఆయన వైపు తిప్పి ఫొటోలు చూపించింది. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళకి నా పొట్ట కింద ఏముందో మా ఆయన ఒక ఫైలులో చూశాడు. చూసి, "అబ్బో" అని కళ్ళు తిప్పుకున్నాడు.

డాక్టరమ్మ కలం తీసింది. "రెండు రోజులు ఇక్కడే ఉంటారు. ఒంటికి చిన్న గొట్టాలు ఉంటాయి, వాటిలోంచి వచ్చే నీరు చూసుకోవాలి. ఇంటికి వెళ్ళాక లేవడానికి, పడుకోవడానికి, స్నానానికి సాయం కావాలి. ఇంట్లో ఎవరు చూసుకుంటారు?"

మా ఆయన ఒక్క క్షణం ఆలోచించలేదు. "ఆవిడే చూసుకుంటుందండీ" అన్నాడు.

"ఎవరు?"

"మా ఆవిడ. ఇంట్లో ఏదైనా అంతా ఆవిడే చూసుకుంటుంది." ఆ గొంతులో గర్వం కూడా ఉంది, అది మాత్రం నిజం.

డాక్టరమ్మ నా వైపు ఒకసారి, ఆయన వైపు ఒకసారి చూసింది. "పేషెంటు ఆవిడే కదండీ."

"అదే... మెల్లిమెల్లిగా చూసుకుంటుంది లెండి. ఆవిడకి అలవాటే."

పిల్లల హాస్టలు నుంచి ఫోనొస్తే, గ్యాసు వాడొస్తే, అత్తయ్యకి జ్వరమొస్తే, ఆయన చొక్కా గుండీ ఊడితే, అన్నిటికీ ఈ ఒక్క మాటే ఆయన నోట్లో. ఎవరు అడుగుతున్నారో, దేని గురించి అడుగుతున్నారో వినే పని లేకుండా వచ్చేస్తుంది. నా పొట్ట కోసి కుట్టాక నన్ను ఎత్తి కూర్చోబెట్టేది కూడా నేనేనట. నాకు నవ్వొచ్చింది. ఆయన తనేమన్నాడో ఇంకా తెలుసుకోలేదు. "ఆలోచించుకుని వస్తాం డాక్టర్" అని లేచాడు. సంతకం పెట్టలేదు. తేదీకి ముందు ఆ సంతకం లేకపోతే ఆపరేషన్ లేదు. నా వెనకే వచ్చిన నర్సు ఆ కాగితం నా చేతిలో పెట్టి, "తోడుండే మనిషి భర్తే కానక్కర్లేదమ్మా. పెద్దవాళ్ళెవరైనా సరే, నిజంగా ఉండాలి, అంతే" అంది.

నేను పనిచేసేది ఒక పెద్ద హోటల్ కింది అంతస్తులో, దుప్పట్లూ తువ్వాళ్ళూ ఉతికి ఆరబెట్టి మడతపెట్టే గదిలో. మర్నాడు సెలవు కాగితం పట్టుకుని సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్ళాను. చదివి, "సోకులకి జబ్బు సెలవు రాదమ్మా" అన్నాడు. మళ్ళీ అదే మాట. ఏమైందో తెలియదు, బాత్‌రూములోకి వెళ్ళి, పొద్దున పెట్టుకున్న గుడ్డ తీసి, తెచ్చి ఆయన బల్ల మీద, రిజిస్టరు పక్కన పెట్టాను. పసుపుగా, అక్కడక్కడ ఎర్రగా ఉంది. "ఇది సోకేనా, చూసి చెప్పండి సార్" అన్నాను. ఆయన కుర్చీ వెనక్కి జరిగింది. ముక్కు అటు తిప్పి, ఇటు సంతకం పెట్టాడు. సిగ్గుతో చచ్చిపోతాననుకున్నాను. చావలేదు సరికదా, ఆకలి కూడా వేసింది.

మధ్యాహ్నం ఇస్త్రీ అక్కతో కలిసి పెద్ద దుప్పట్లకి నిలబడ్డాను. వేడి రోలరు దగ్గర ఇరవై ఏళ్ళుగా పనిచేస్తుంది ఆమె, మోచేతుల దాకా కాలిన మచ్చలు. మొగుడు పోయాడు, కూతురు పెళ్ళై వెళ్ళిపోయింది, ఒక్కతే ఉంటుంది. మా గదిలో దుప్పటికి ఇద్దరు. చెరో కొస పట్టుకుని దులిపి, దూరం జరిగి బిగించి, ఒకరికొకరు ఎదురు నడిచి నా చేతిలో కొసలు ఆమె చేతిలో పెట్టాలి. కింద వేలాడే మడత నేను అందుకోవాలి, మళ్ళీ దూరం జరగాలి. ఎంతసేపు చేసినా ఏమీ చెప్పుకోనక్కర్లేదు. నా నడుము దగ్గర మంట రేగినప్పుడు నేను ఆగితే ఆమె కూడా దుప్పటి వదలకుండా అలాగే ఆగుతుంది. మొదటిసారి నా చొక్కా మీద తడి చూసి, ఎవరికీ కనపడకుండా తన స్వెట్టరు నాకు చుట్టింది కూడా ఆమే.

ఆస్పత్రి సంగతి చెప్పాను. "ఆవిడే చూసుకుంటుంది" దగ్గర అక్క నవ్వు ఆపుకోలేక దుప్పటి మొహానికి అడ్డం పెట్టుకుంది. నేనూ నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఎప్పుడు ఏడుపులోకి దిగానో నాకే తెలియదు. అక్క తన కొస వదల్లేదు. ఎదురు నడిచి వచ్చి, కొసలు నా చేతిలో పెట్టి, "ఆ కాగితం తెచ్చావా చెల్లీ?" అంది.

"అక్కా, రెండు రోజులు ఆస్పత్రిలో. ఆ తర్వాత రెండు వారాలు."

"మాది కింది వాటా, మెట్లు లేవు. ఉన్నది ఒక్క మంచం, నువ్వు పడుకో. నాకు నేల అలవాటే. నాకూ సెలవులు మురిగిపోతున్నాయి, దాచుకుని ఏం చేసుకుంటాను?"

"మీకెందుకక్కా ఇంత శ్రమ?"

"నువ్వు కూడా మడతపేచీయేనా" అని నా చేతిలోంచి కాగితం, కలం లాక్కుంది. సంతకం పెట్టి, 'పేషెంటుతో బంధుత్వం' అన్న గడి దగ్గర ఆగింది. "ఏం రాయమంటావ్? అక్క అని రాస్తే, ఏ వరస అక్క అని అడుగుతారేమో."

కలం నేను తీసుకున్నాను. మా కాళ్ళ దగ్గర మడతపెట్టిన దుప్పట్లు నడుము ఎత్తున పేరుకుని ఉన్నాయి. ఆ గడిలో 'దుప్పటికి రెండో కొస' అని రాశాను. అది చదివి అక్క తర్వాతి దుప్పటి అందుకుంది. ఆస్పత్రిలో నర్సు కూడా చదివి, కాగితం ఫైల్లో పెట్టుకుంది.

పదకొండో తేదీ సాయంత్రం సంచి సర్దుకుని హాల్లోకి వచ్చాను. పది రోజుల ముందే ఇంట్లో చెప్పాను, ఆస్పత్రి నుంచి అటే అక్క వాళ్ళింటికి వెళ్తానని. మా ఆయన నమ్మలేదు. బెదిరింపు అనుకున్నాడో, అలక అనుకున్నాడో. ఇప్పుడు సంచి చూసి లేచి నిలబడ్డాడు. డాబా మీంచి నేను చివరిసారి దించిన బట్టల బుట్ట సోఫా పక్కన ఉంది. పైన పెద్ద మంచం దుప్పటి, ఉండలా. మడతపెట్టలేదు నేను.

"అదేంటే, సీరియస్‌గానే వెళ్తున్నావా?" అన్నాడు.

అత్తయ్య గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది. నా మొహం చూసింది, సంచి చూసింది. ఈసారి సోకు అనలేదు. నిజంగానే భయపడుతూ అడిగింది. "మరి ఇల్లెవరు చూసుకుంటారమ్మాయ్?"

దుప్పటి ఒక కొస తీసి మా ఆయన చేతిలో పెట్టాను. రెండో కొస బుట్టలోనే ఉంది.

"ఆయనే చూసుకుంటారు అత్తయ్యా" అన్నాను.