సామాను దగ్గర మనిషి

ఆవిడ మొగుడికి వింత జబ్బొకటుంది. ఇల్లు దాటితే చాలు, సామాను ఎవరో ఎత్తుకుపోతారని భయం. పెళ్లాన్ని మాత్రం ఎవరూ ఎత్తుకుపోరని గట్టి నమ్మకం. అందుకే ఎక్కడికెళ్లినా, "సామాను దగ్గర నువ్వుండు, ఇలా వెళ్లి అలా వచ్చేస్తాం" అనేవాడు. ఇలా వెళ్లినవాళ్లు అలా రావడానికి ఓ పూట పట్టేది.

వాళ్ల ముదురు నీలం సూట్‌కేసు మీద కూర్చునే ఆవిడ ఊళ్లన్నీ చూసింది. కోటంటే ఆవిడకు గుమ్మం పక్కన చెప్పులు కుట్టే ఆయన గొడుగు నీడ. సముద్రమంటే బస్టాండు గోడ అవతలి హోరు. జలపాతమంటే, అప్పట్లో ఐదేళ్ల కూతురు మెట్ల మీదుగా పరుగెత్తుకొచ్చి, "అమ్మా, నీకోసం జలపాతం తెచ్చా" అంటూ విప్పిన దోసిలి. దారంతా కారిపోగా మిగిలినవి మూడు చుక్కలు. వాటిలో ఒకటి సూట్‌కేసు మూత మీద పడింది. మరకైనా మిగల్లేదు గానీ, ఎక్కడ పడిందో ఆవిడ ఇప్పటికీ వేలు పెట్టి చూపించగలదు.

మొన్న అటక దులుపుతూ ఆయన ఆ సూట్‌కేసును కిందికి తోశాడు.

"దీన్ని పాత సామాన్లవాడికి ఇచ్చేద్దాం. చక్రాలైనా లేవు."

"చక్రాల్లేకపోయినా ఇన్నేళ్లు నన్ను మోసిందండీ. ఉండనివ్వండి."

"ఈ డొక్కు పెట్టె నీకో జ్ఞాపకమా? జ్ఞాపకమంటే ఆ జలపాతమోయ్. ఇంద్రధనుస్సు కనపడగానే నా మోచెయ్యి పట్టుకుని ఎలా గెంతావనీ."

"గెంతింది మీ చెల్లెలు. దిగొచ్చాక తనే చెప్పింది."

"నువ్వే. నాకు బాగా గుర్తు."

"అయితే నేనే మరిచిపోయుంటాను, కింద కూర్చుని."

కాఫీ కలుపుతున్న కూతురు కిసుక్కున నవ్వింది. ఆవిడకు మాత్రం నవ్వు రాలేదు. చూపించకపోతే పోయె. చూశావని కూడా ఆయనే తేల్చేస్తే, తను దాచుకున్న ఆ మూడు చుక్కలూ ఇక ఎవరివి?

"ఆదివారం అక్కడికే వెళ్దాం. ఈ పెట్టెతోనే," అంది.

మెట్ల మొదట్లో పెట్టె దించగానే ఆయన నోరు అలవాటు కొద్దీ తెరుచుకుంది.

"సామాను దగ్గర నువ్వు..."

"మీరుండండి. అంచు మీద కాదు, మధ్యలో కూర్చోండి, గుచ్చుకోదు. ఇలా వెళ్లి అలా వచ్చేస్తాం."

తల్లీకూతుళ్లు పైకెళ్లారు. అక్కడ ఆవిడ ఏం చూసిందో చెప్పాల్సిన పని లేదు. అది ఆవిడ సొంతం.

పూట గడిచి వాళ్లు దిగొచ్చేసరికి ఆయన పెట్టె మీదే ఉన్నాడు, తిమ్మిరెక్కిన కాలు రుద్దుకుంటూ. "లేద్దామంటే లేవడానికి లేదు, వదిలేద్దామంటే వదలడానికి లేదు," అని గొణిగాడు.

ఆవిడ దోసిలి విప్పింది. రెండు చుక్కలు మిగిలాయి. ఆయన వాటివంకా, తను కూర్చున్న పెట్టెవంకా మార్చి మార్చి చూశాడు.

"గెంతింది చెల్లెలే," అన్నాడు, పక్కనున్నవాళ్లకు కూడా వినపడేలా. "నువ్వసలు పైకే రాలేదు. రానివ్వనిది నేనే. తప్పు నాదే."