పక్కవాడి ఊపిరి

నేను ఒక రెగ్యులేటర్‌ని. నీళ్ళ అడుగున మనిషి నోట్లో ఉండి, అతని వీపున ఉన్న సిలిండర్‌లోని గాలిని ఊపిరికి సరిపడా అందించే పరికరాన్ని. అందులోనూ రెండోదాన్ని. మొదటిది నల్లది, సిలిండర్ మోసేవాడి నోటికి. పసుపుపచ్చగా ఉండే నేను పక్కవాడి కోసం, ఎప్పుడైనా అతనికి గాలి అందకపోతే ఇవ్వడానికి. ఏదో చలిదేశపు కర్మాగారంలో పుట్టి, అండమాన్‌లో విహారయాత్రికుల నడుముల దగ్గర ఆరేళ్ళు వేలాడి, చివరికి విశాఖ రేవులో ఓడల అడుగున పట్టిన గుల్లలు గీకించే కాంట్రాక్టరు దగ్గరికి చేరాను. రోజూ ఉదయం నన్నొకసారి పీల్చి చూసి, నా అవసరం రాకూడదని మొక్కుకునేవారు. అంత శ్రద్ధగా చూసుకుంటూ అంతగా వద్దనుకునే వస్తువు మరొకటి ఉండదేమో.

నన్ను తగిలించుకునేనాటికి గౌరునాయుడికి నలభై నిండలేదు. విజయనగరం దగ్గరి పల్లెలో కర్రసాము గురువు. అంతకు ముందు ఏడాది జాతరలో అతని కర్ర గురి తప్పి సొంత తమ్ముడు సత్యం కణతకు తగిలింది. మూడోరోజు సత్యం పోయాడు. నాయుణ్ణి ఎవరూ ఒక్క మాట అనలేదు. అతనూ ఏడవలేదు. కర్ర అటకెక్కించి ఈ పనికి వచ్చేశాడు. దిగమంటే దిగేవాడు, ఎక్కమంటే ఎక్కేవాడు, తినమంటే రెండు ముద్దలు తినేవాడు.

పని నేర్పింది ఎల్లాజీ. జాలరిపేట మనిషి, యాభై దాటినవాడు. మొదటివారమే తల పట్టుకున్నాడు. ఇనుప పలకతో గుల్లలు గీకే ప్రతిసారీ నాయుడు దెబ్బ కొడుతున్నట్టు ఊపిరి బిగబట్టి, తరవాత ఒక్కసారిగా వదిలేవాడు. బిగబట్టినప్పుడల్లా గాలి నిండిన రొమ్ము అతన్ని పైకి లేపి ఓడ అడుగుకు తల కొట్టించేది. ఎల్లాజీకి గంటసేపు వచ్చే సిలిండర్ అతనికి ఇరవై నిమిషాల్లో ఖాళీ.

"నీల్ల కింద దమ్ము బిగబడితే సచ్చిపోతావు నాయుడూ," అన్నాడు ఎల్లాజీ పడవ మీద. "పైకొచ్చేటప్పుడు లోపలి గాలి ఉబ్బుతాది. ఊపిరితిత్తులు పగిలిపోతాయి."

"పాతికేళ్ళ అలవాటు మావా. దమ్ము కట్టకపోతే సెయ్యి లెగదు."

"కర్రసావంటే అన్నీ దెబ్బలేనేటి? ఉత్తినే కర్ర తిప్పుతారు గదా, అప్పుడేటి సేస్తారు?"

నాయుడు ఉత్త చేతులతోనే గాలిలో కర్ర తిప్పి చూశాడు. "అప్పుడు దమ్ము కట్టం. కర్రతోపాటే తిరుగుతాది. నాలుగు లెక్కెట్టి తీస్తాం, ఎనిమిది లెక్కెట్టి వొదుల్తాం."

"మరదే సెయ్యి. కొట్టకు. తిప్పు."

ఆ మార్పుకి నెల పట్టింది.

డిసెంబరులో ఒక బొగ్గు ఓడ కింద ఉండగా ఎల్లాజీ గాలిగొట్టం ప్రొపెల్లర్ అంచుకు రాసుకుని తెగి, అతని సిలిండర్‌లోని గాలంతా బయటికి పోసాగింది. తెల్లటి బుడగల్లోంచి, గాలి లేదని గొంతు మీద చెయ్యి అడ్డంగా ఆడిస్తూ వచ్చాడు. నాయుడు నన్ను లాగి అతని నోట్లో పెట్టాడు. ముప్ఫై ఏళ్ళ అనుభవం ఆ క్షణంలో ఎటు పోయిందో, ఎల్లాజీ నన్ను పళ్ళతో కొరుకుతూ గాలిని గుటకలు గుటకలుగా మింగేస్తున్నాడు. నెత్తిన ఓడ. దాని అంచు దాటితే గాని పైకి పోలేరు. ఉన్నది ఒక్క సిలిండర్, అందులోనూ సగం.

నాయుడు అతని బెల్టు పట్టుకుని, రెండో చేతి వేలితో రొమ్ము మీద తట్టడం మొదలుపెట్టాడు. నాలుగు. ఎనిమిది. నాలుగు. ఎనిమిది. పది విడతలకు ఎల్లాజీ దారికొచ్చాడు. ఒకే సిలిండర్‌లోంచి రెండు ఊపిర్లు ఒకే లెక్కకు వెళ్ళడం నేను మొదటిసారి చూశాను. ఓడ నీడ దాటి, బుడగలు వదులుకుంటూ మెల్లగా పైకి తేలారు.

పడవలో ఎల్లాజీ కక్కుకున్నాడు, తరవాత ఏడ్చాడు. "నువ్వు నేకపోతే మా ఇంట్లో ఇయ్యాల..." అని నాయుడి చెయ్యి పట్టుకున్నాడు.

"నాకేటీ అనిపించట్లేదు మావా," అన్నాడు నాయుడు. "నువ్వు బతికినావని సంతోసం కూడా రావట్లేదు."

ఎల్లాజీ మూతి తుడుచుకుని అతని ముఖంలోకి చూశాడు. "ఆకలేస్తందా?"

నాయుడు నిజంగానే ఆలోచించాడు. "ఏస్తంది."

"అయితే రా, తిందాం."

ఇప్పుడు నా రబ్బరు పగిలింది. గోదాములో పాత సామాను పెట్టెలో ఉన్నాను. తరవాతెప్పుడైనా నాయుడు తమ్ముడి కోసం ఏడ్చాడో లేదో తెలియదు, నా ముందైతే ఏడవలేదు. ఆ రోజు మాత్రం తన క్యారియర్‌లోని అన్నం, చేపల పులుసు మెతుకు మిగల్చకుండా తినేసి, ఇంకా ఉందా అని ఎల్లాజీని అడిగాడు.